జత కోరిన ఫోను

"ఫోను ఇటియ్యి, ఆఫీసుకి వెళ్ళేలోపు కాపీ చేసి పడేస్తాను," అన్నాడు అనిరుధ్, దోసె తుంచుకుంటూ. కుడిచేతికి చట్నీ అంటుకుని ఉంది కాబట్టి ఎడమచెయ్యి చాపాడు. నేను పెనం దగ్గరున్నాను. అట్లకాడ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నైటీ జేబులోంచి ఫోను తీసి ఇచ్చాను. ఎప్పటిలాగే, ఇచ్చాక కూడా ఒక కన్ను దాని మీదే ఉంచాను.

నా భర్త అనిరుధ్ రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మేముండేది కూర్మన్నపాలెంలో, మామగారు స్టీల్‌ప్లాంటు ఉద్యోగంలో ఉన్నప్పుడు కట్టిన ఇంట్లో. ఆయన పోయాక అత్తయ్య కాంతం, మేమిద్దరం, మా పాప. ఇంట్లో యంత్రాల పంపకం ఎవరూ చెప్పకుండానే జరిగిపోయింది. తెర ఉన్నవన్నీ అనిరుధ్‌వి. తిరిగేవన్నీ నావి. మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మెషీను, నీళ్ళ మోటారు ఆగిపోతే నన్ను పిలుస్తారు. టీవీ, వైఫై, ఫోన్లు, వాటి రహస్య సంఖ్యలు అతని చేతిలో ఉంటాయి. నా ఫోను తాళం కూడా అతను పెట్టిందే. "నువ్వు మర్చిపోతావు కదా, అందుకే నా నంబరే పెట్టేసాను," అన్నాడు కొన్న రోజునే. నేను ఇంతవరకూ ఏ నంబరూ మర్చిపోలేదు. పాల ప్యాకెట్ల లెక్క దగ్గర్నుంచి అత్తయ్య బీపీ మాత్రల దాకా నా తలలోనే ఉంటాయి.

ఆ ఫోనులో ఉన్నది నా గొంతు. పెళ్ళికి ముందు పెందుర్తిలో ఒక బడిలో సోషల్ చెప్పేదాన్ని. శ్రీసత్య అప్పుడు ఎనిమిదో తరగతి. ముందు బెంచీలో కూర్చుని కూడా బోర్డు మసగ్గా ఉందనేది. డిగ్రీకి వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు గ్రూప్ టూకి చదువుతోంది. కంప్యూటరే పుస్తకాలు పైకి చదివి వినిపిస్తుంది గానీ తెలుగు ఒత్తుల దగ్గర తడబడుతుందట. "మీరు సదివితే క్లాసులో ఉన్నట్టుంటాది టీచర్," అని అడిగింది. ఈ లోకంలో నన్ను ఇంకా టీచర్ అని పిలిచేది ఆమె ఒక్కతే. ఒప్పుకోవడానికి నాకు ఆలోచన అక్కర్లేకపోయింది.

పాపని స్కూలు బస్సెక్కించి, అనిరుధ్‌కి డబ్బా కట్టి, బట్టలు ఆరేశాక స్టోరు గదిలోకి వెళ్ళేదాన్ని. బియ్యం బస్తా మీద పుస్తకం, పక్కన ఫోను. శబ్దం పడుతుందని ఫ్యాను కట్టేసి, చెమటలు తుడుచుకుంటూ చదివి రికార్డు చేసేదాన్ని. రోడ్డు మీద స్టీలు చుట్టలు మోసే ట్రైలర్లు వెళితే గోడ వణికేది, ఆగి మళ్ళీ అందుకునేదాన్ని. ఒకసారి నమూనాకి పంపిన ఒక చాప్టరు విని శ్రీసత్య ఫోన్ చేసి పడీ పడీ నవ్వింది. "ద్రవ్యోల్బణం దగ్గర మీ కుక్కరు కూతేసింది టీచర్. ఇంక జన్మలో మర్సిపోను ఆ చాప్టరు!"

అలాంటి కూతలూ దగ్గులూ కోసెయ్యాలంటే కంప్యూటరు కావాలి. ఫోను నిండిపోతే ఖాళీ చెయ్యాలన్నా కంప్యూటరే కావాలి. ఇంట్లో పనిచేసే లాప్‌టాప్ అనిరుధ్‌ది. దాని తీగ అతని బ్యాగులో ఉండేది. అందుకని వారానికోసారి ఫోను అతని చేతికి వెళ్ళేది. కాపీ అవుతున్నంతసేపూ అతని బొటనవేలు తెర మీద తిరుగుతూ ఉండేది. ఒక సాయంత్రం, పక్కింటివాళ్ళ గురించి అడిగినంత మామూలుగా, "మీ అక్కకి మా అమ్మ గురించి అలా రాస్తావేటి?" అన్నాడు. ఏం రాశానో నాకే గుర్తులేదు. సాంబారులో ఉప్పు గురించి అత్తయ్య ఏదో అంటే, దాన్ని అక్కకి చెప్పుకుని నవ్వుకున్నాను, అంతే. ఆ తర్వాత అక్కకి మెసేజి రాసే ప్రతిసారీ అనిరుధ్ కళ్ళతో ఒకసారి చదువుకుని పంపడం అలవాటైపోయింది. కొన్నాళ్ళకి అక్క అడిగింది: "ఏమయిందే నీకు, పెద్దమనిషికి రాసినట్టు రాస్తున్నావు?" దానికీ మర్యాదగానే జవాబు రాశాను.

ఆ దోసెల రోజు తర్వాత శ్రీసత్య ఎకనామిక్స్ భాగం మొత్తం కావాలంది. అనిరుధ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మన్నాను. అతను హార్డ్ డిస్క్ తెరిచి, అటూ ఇటూ చూసి, "అదా... తీసేసాను. చోటు చాల్లేదు. మా టీమ్ అరకు వెళ్ళిన వీడియోలు పెట్టాలి కదా," అన్నాడు.

"ఫోనులోవి?"

"కాపీ చేసాక అయ్యి తీసేస్తన్నాను కదా ఎప్పుడూ. ఫోను ఖాళీగా ఉండాలని నువ్వే అన్నావు."

నా ముఖం చూసి అతనికి కొంచెం ఇబ్బంది కలిగినట్టుంది. బుజ్జగించే గొంతుతో, "దానికేటుంది ఆశా, నీ గొంతే కదా. మళ్ళీ చదువు. ఇంట్లోనే ఉంటావు కదా," అన్నాడు.

అతను దుర్మార్గుడు కాదు. ఆ మాట అన్నాక నాకు మంచినీళ్ళు కూడా తెచ్చిచ్చాడు. కానీ ఆ గ్లాసు పట్టుకుని నిలబడి నేను ఒక విషయం చాలా స్పష్టంగా చూశాను. ఇతని లెక్కలో నా గొంతు కుళాయి నీళ్ళలాంటిది. తిప్పితే వస్తుంది. ఒంపేస్తే మళ్ళీ పట్టుకోవచ్చు. స్టోరు గదిలో కారిన చెమట, అర్థం కాని పేరాలని ముందు నేను అర్థం చేసుకుని చదివిన శ్రమ, అవేవీ ఆ హార్డ్ డిస్క్‌లో బరువు తూగలేదు. అరకులో నలుగురు మగవాళ్ళు బొంగులో చికెన్ తింటున్న వీడియో తూగింది.

శ్రీసత్యకి ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "మీ ఇంట్లో పాత కంప్యూటరేటైనా ఉందా టీచర్?" అని అడిగింది.

ఉంది. అనిరుధ్ వాడి పక్కన పడేసిన లాప్‌టాప్, అటక మీద సూట్‌కేసు కింద. అది తెరుచుకునేలోపు ఒక కూర వండేయొచ్చు. "తుక్కుకి వేసెయ్, దాన్లో ఏటీ లేదు," అని అనిరుధ్ అప్పుడప్పుడూ అంటూనే ఉండేవాడు.

"తుక్కుకెయ్యొద్దు. నానొస్తన్నాను," అంది శ్రీసత్య.

మర్నాడు మధ్యాహ్నం ఆటో దిగింది, చేతికర్ర, భుజాన సంచి, సంచిలో ఒక పెన్‌డ్రైవ్. అత్తయ్య గుమ్మంలోనే ఎదురై ఎగాదిగా చూసింది. "సూపు లేకండా కంప్యూటరు బాగు సేత్తావేటమ్మా?"

"సూపు మీ కోడలు గారిది మామ్మా. నాది నోరు," అంది శ్రీసత్య నవ్వుతూ.

నిజంగా అలాగే చేశాం. తెర మీద ఏముందో నేను చదివేదాన్ని, ఏది నొక్కాలో ఆమె చెప్పేది. పాతదంతా తుడిచేసే ముందు ఆపాను. అనిరుధ్ ఏమీ లేదన్నా సరే, ప్రతి ఫోల్డరూ తెరిచి చూశాను. ఖాళీ. అప్పుడు నొక్కాను. పెన్‌డ్రైవ్‌లోంచి కొత్తగా ఎక్కించినది లినక్స్, కంప్యూటరుని నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్. శ్రీసత్య ఇంట్లోనూ అదే వాడుతుందట. తెర మీది మాటలని చదివి వినిపించే గొంతు అందులోనే ఉంటుందని, దానికోసం ఎవరికీ దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదని చెప్పింది.

కందులు చేటలో పోసుకుని పక్కనే కూర్చున్న అత్తయ్య అడిగింది: "ఎవులు సేసేరమ్మా దీన్ని?"

"సాలామంది మామ్మా. దేశదేశాలవాళ్ళు. ఎలా సేసేరో దాసరు, ఎవులైనా తెరిసి సూసుకోవచ్చు, మార్సుకోవచ్చు. అందులో ఎంతోమంది జీతం లేకండానే సేస్తారు."

"జీతం లేకండానా?" చేట ఆగింది. "అయితే ఆడోల్లే అయ్యుంటారు."

ముగ్గురం నవ్వాం. అత్తయ్యతో కలిసి అలా నవ్వడం నాకు ఈ మధ్య గుర్తులేదు.

తర్వాత శ్రీసత్య నా ఫోనులో కేడీఈ కనెక్ట్ అనే, ఫోనునీ కంప్యూటరునీ కలిపే ఒక యాప్ వేయించింది. లాప్‌టాప్‌లో అది ముందే ఉంది. రెండూ ఇంటి వైఫైలోనే ఉన్నాయి కాబట్టి ఫోనులో లాప్‌టాప్ పేరు కనిపించింది. జత కోరమంది. కోరాను. లాప్‌టాప్ మీద చిన్న పెట్టె తెరుచుకుంది: ఫలానా ఫోను జత కోరుతోంది, అంగీకరిస్తారా, తిరస్కరిస్తారా అని.

"రెండిట్లోనూ ఒకటే కోడ్ వచ్చిందో లేదో సరిచూసుకోండి టీచర్. మీ ఫోనే అని నమ్మకం కుదిరాకే ఒప్పుకోండి. ఒకరు అడగాలి, రెండోవాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కూడా ఏది సూపించాలి, ఏది సూపించక్కర్లేదు అన్నది మీరే పెట్టుకోవచ్చు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా జత తీసేయొచ్చు."

అంగీకరించాను. ఆ పొద్దున చదివిన చాప్టరు పంపాను. తీగ లేదు, బ్యాగు లేదు, చాపిన ఎడమచెయ్యి లేదు. ఫోను స్టోరు గదిలో ఉంటే, లాప్‌టాప్ భోజనాల బల్ల మీద ఉంటే, మధ్యలో రెండు గోడలు దాటి నా పాఠం వచ్చి కూర్చుంది. దాన్ని తెరిచి వినిపించాను. పెరట్లోకి వెళ్ళిన అత్తయ్య లోపలికి వచ్చి, "రేడియో ఎవులెట్టేరే?" అంది.

"రేడియో కాదత్తయ్యా. నేనే."

కాసేపు నిలబడి వింది. ప్రణాళికా సంఘం గురించి ఆమెకేం అర్థమయిందో తెలియదు. "నీ గొంతు ఇలాగుంటాదేటి?" అంది చివరికి. "ఇంట్లో ఇలా మాటాడవు కదా నువ్వు."

ఆ మాట నాతో చాలా రోజులుంది.

ఎకనామిక్స్ మొత్తం మళ్ళీ చదివాను. అనిరుధ్ చదవమన్నాడని కాదు, ఈసారి అది ఎక్కడికి వెళుతుందో నాకు తెలుసు కాబట్టి. కుక్కరు కూతలు కోసెయ్యడం నేర్చుకున్నాను. ఫోను తాళం మార్చాను. పరీక్షకి ముందే శ్రీసత్యకి అన్నీ అందాయి. ఆమె రాసి వచ్చి, "ద్రవ్యోల్బణం వచ్చింది టీచర్!" అని అరిచింది. ఫలితాలు ఇంకా రాలేదు. ఈలోగా ఆమె స్నేహితురాళ్ళు, చూపు లేని పిల్లలు, మాకూ చదవండంటూ ఒక్కొక్కరే ఫోన్ చేస్తున్నారు. స్టోరు గదిలోంచి బియ్యం బస్తా బయటికి జరిపించి కుర్చీ వేసుకున్నాను. అక్కకి మళ్ళీ నా భాషలో రాస్తున్నాను. మొన్న పంపినదానికి తను పది నవ్వు బొమ్మలు తిరిగి పంపింది.

అనిరుధ్ లాప్‌టాప్‌ని చూశాడు గానీ చాలా రోజులు పట్టించుకోలేదు. ఒక ఆదివారం పొద్దున నేను బల్ల దగ్గర చిక్కుడుకాయలు తుంచుతూ, లాప్‌టాప్‌లో పాఠం వింటున్నాను. అతను వెనక నిలబడి, "లినక్సా? ఎవరు వేసారు?" అన్నాడు.

"శ్రీసత్యా, నేనూ."

"చూపు లేని పిల్ల దగ్గర నేర్చుకున్నావా? ఇంట్లో నన్ను పెట్టుకుని?" నవ్వాడు. నేను నవ్వలేదు. "ఫోను కూడా కలిపేసావే! బాగుంది. ఉండు."

హాల్లోకి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. కాసేపటికి తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. అనిరుధ్ ఫోను జత కోరుతోంది. అంగీకరించు. తిరస్కరించు.

"వచ్చిందా? ఓకే నొక్కీ," అని కేక వేశాడు హాల్లోంచి. "ఇంక నీ ఫోను కూడా ఇవ్వక్కర్లేదు, నేనే ఇక్కణ్ణించి చూసుకుంటాను."

చిక్కుడు పీచు వేళ్ళకి అంటుకుని ఉంది. కొంగుకి తుడుచుకున్నాను. తిరస్కరించు మీద నొక్కాను.

"రిజెక్ట్ అని వస్తంది, తప్పు నొక్కావు," అన్నాడు.

"తప్పు నొక్కలేదు."

అతను లేచి వచ్చాడు. "అంటే?"

"ఇది నా పని చేసుకునేది. మీది మీకుంది."

"మొగుడి దగ్గర దాపరికమేటి ఆశా? అంత దాచాల్సిందేటుంది దాన్లో?"

"దాచాల్సింది ఏమీ లేదు. అయినా ఇవ్వను."

నా గొంతు నాకే వినిపించింది. స్టోరు గదిలో చదివే గొంతు అది. అనిరుధ్ నన్ను, తెరని, గడప దగ్గర నిలబడిన వాళ్ళ అమ్మని చూశాడు. ఆమె తన తరఫున ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసినట్టున్నాడు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "సేపలకి ఎల్తానన్నావు కదా బాబూ. ఎండెక్కితే మంచివుండవు," అంది.

అతను సంచి తీసుకుని బండి వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు కొంచెం గట్టిగానే పడింది. సాయంత్రం దాకా మాట్లాడడని తెలుసు. రేపు మాట్లాడతాడనీ తెలుసు. నేను మళ్ళీ చిక్కుడుకాయల్లో పడ్డాను.

అత్తయ్య వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రవికలోంచి తన ఫోను తీసి బల్ల మీద పెట్టి, నా వైపు తోసింది.

"దీని తాళం ఆడే ఎట్టేడు," అంది. "ఆడి పుట్టినరోజు. అత్తోరింటికాడున్న అమ్మీతో నానెంతసేపు మాటాడేనో, ఏటి మాటాడేనో, అన్నీ అడుగుతాడు. కన్నకూతురే కదా, మాటాడితే ఏటి?" గొంతు తగ్గించింది. "మార్సడం ఎలాగే?"

ఎలాగో చూపించాను. పాతది కొట్టించి, కొత్త అంకెలు అడిగే చోటికి తీసుకెళ్ళి ఫోను ఆమె చేతికిచ్చాను. "మీకు గుర్తుండే నంబరు ఏదైనా పెట్టుకోండి."

ఆమె చాలాసేపు ఆలోచించింది. వేలు అంకెల మీద పెట్టబోయి, ఆగి, తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు కూడా అటు తిరుగు," అంది.

నేను అటు తిరిగాను.