నాలుగో అంతస్తు మడి

బాలనర్సయ్య పారతో మట్టి గట్టును ఇంకొంచెం ఎత్తు చేసి, నీళ్ల పైపును పక్క మడిలోకి మళ్లించాడు. అది పొలం కాదు. మాదాపూర్‌లో కడుతున్న ఓ కంప్యూటర్ ఆఫీసు నాలుగో అంతస్తు. కొత్తగా పోసిన స్లాబు బీటలివ్వకుండా ఉండాలంటే దాని మీద నీళ్లు నిలవాలి. అందుకోసం ఎవరైనా గట్లు వేస్తారు. బాలనర్సయ్య వేస్తే మాత్రం అది వరిమడే. మూలలు తీరుగా ఉంటాయి, నీళ్లు ఒక గడి నుంచి ఇంకో గడికి జారడానికి చిన్న గండి ఉంటుంది. గోపన్‌పల్లిలో బోరు ఎండి, పొలం చేయి జారాక ఆయనకు మిగిలిన విద్య ఇదొక్కటే.

చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు. సైటులో రబ్బరు బూట్లు ఇచ్చారు కానీ వాటిని ఏనాడూ తొడగలేదు. మడిలోకి చెప్పులతో దిగడం వాళ్ల ఇంటావంటా లేదు. సిమెంటుదైనా మడి మడే కదా. గరుకు స్లాబు మీద, రోజంతా తడిలో, అరికాళ్లు తెల్లగా నాని ముడతలు పడేవి. అక్కడక్కడా చీరుకుపోయేవి. కుడి అరికాలులో మొదట ఒక గట్టి బుడిపె లేచింది. తర్వాత దాని పక్కన చిన్నవి గుంపుగా లేచాయి. ఇప్పుడు అడుగు వేస్తే గులకరాయి మీద వేసినట్టే. అందుకని పాదం అంచు మీద నడుస్తున్నాడు.

ఇసుక తట్ట దించుతూ నర్సమ్మ నవ్వింది.

"ఏందే నర్సన్నా, పెండ్లిపిల్ల లెక్క ఆ నడక! పారాణి చెరిగిపోతదా?"

"ఆనెలమ్మా. ఇయ్యాల కొత్తనా?"

"నువ్వు బ్లేడుతోని గీకుతనే ఉన్నవ్, అవి పిల్లలు వెడ్తనే ఉన్నయ్. జర దవాఖానకు వోరాదు?"

అంతలో సూపర్‌వైజర్ లక్ష్మీనారాయణ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె ఉంది.

"నర్సయ్యా, స్లాబులన్నీ అయిపోయాయి. ఇక నీళ్లు కొట్టే పని ఉండదు. గేటు దగ్గర గార్డు పనికి నీ పేరు చెప్పాను. రేపు పొద్దున సెక్యూరిటీ ఆయన వస్తాడు. నిలబెట్టి, నడిపించి చూస్తాడు. ఈ కుంటుడు చూశాడా, నేనేం చెయ్యలేను."

"కుంటను సారూ. సక్కగ నడుస్త."

"మా అన్న టోపీ వెడితే పోలీసోడే సారూ!" అంది నర్సమ్మ.

లక్ష్మీనారాయణ పెట్టె అతని చేతికిచ్చాడు. లోపల నల్ల బూట్లు. బాలనర్సయ్య తడి చేతులు లుంగీకి తుడుచుకుని గానీ వాటిని ముట్టుకోలేదు. ఎడమది తీసి, ముందుభాగంలో కూరిన కాగితం ఉండను లాగి, గట్టు మీద కూర్చుని తొడిగాడు. సరిపోయింది. కుడిది అలాగే పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఈ పని పోతే కొండాపూర్‌లో అద్దెకున్న రేకుల గది కూడా పోతుంది. వేరే పని చేతగాదు, ఈ వయసులో తట్ట మోయనివ్వరు.

మధ్యాహ్నం అన్నం తినకుండానే సర్కారు దవాఖానకు వెళ్లాడు. డాక్టర్ కిరణ్మయి అతని పాదం వెలుతురులోకి తిప్పి, బుడిపెల మీద నల్లటి చుక్కలు చూసింది.

"ఇవి ఆనెలు కావండి, పులిపిర్లు. ఓ రకం వైరస్ వల్ల వస్తాయి. చర్మం నాని చిట్లితే ఆ చిట్లిన చోట లోపలికి పోతుంది. మీరు బ్లేడు పెట్టి కోస్తున్నారు కదా, దాంతో పక్కకి పాకాయి."

"రేపటికల్ల తగ్గుతదా మేడమ్?"

"రేపటికా! మందు రాస్తాను. రోజూ కాలు నానబెట్టి, పైచర్మం మెత్తగా రుద్ది పూయాలి. నెలలు పట్టొచ్చు. మిగతా వేళ కాలు పొడిగా ఉంచుకోవాలి. ఏం పని మీది?"

"నీళ్లు వెట్టే పని."

ఆమె అతని కాలి వేళ్లు విడదీసింది. వాటి మధ్య మానని పుండు చూసి, దాహం ఎక్కువా, మాటిమాటికీ ఒంటేలు వస్తోందా అని అడిగింది. అన్నిటికీ ఔనన్నాడు.

"షుగర్ ఉందేమో. రేపు పరగడుపున రండి, రక్తం చూద్దాం. అప్పటిదాకా కొయ్యొద్దు, కాల్చొద్దు. షుగర్ ఉంటే చిన్న పుండు చాలు, కాలు పోవడానికి."

"రేపు గాదు మేడమ్. ఎల్లుండొస్త."

ఎండ తగ్గకముందే ఇల్లు చేరాడు. భార్య కనకలక్ష్మి అప్పుడే అపార్టుమెంట్లలో అంట్లు తోమి వచ్చింది. గూట్లోంచి నల్లజీడి గింజ తెమ్మన్నాడు. ఊళ్లో తన నాయన ఆనెలకు చేసిన వైద్యం అదే. గింజను సూదికి గుచ్చి దీపం మీద కాచితే నల్లటి నూనె కారుతుంది. చర్మాన్ని కాల్చేస్తుంది.

"డాక్టరమ్మ కాల్చొద్దన్నదంటివి గదయ్యా?"

"డాక్టరమ్మ నెలలంటది. నాకు రేపొక్కరోజు గావాలె. కానియ్యి."

కనకలక్ష్మి ఒక్కో చుక్కా వేస్తుంటే, అతను పళ్లు బిగబట్టి తలుపు దగ్గరి పెట్టె వైపే చూశాడు.

తెల్లారేసరికి పాదం పొక్కులెక్కి బూరెలా వాచింది. ఎడమకాలికి బూటు వేసుకున్నాడు. కుడికాలు బూటులో పట్టే మాటే లేదు, దాన్ని పెట్టెలోనే వదిలాడు. కనకలక్ష్మి భుజం పట్టుకుని సైటుకు వెళ్లి, గేటు దగ్గర నిలబడ్డాడు. సెక్యూరిటీ ఆయన అతని కాళ్లు చూసి, ఆ పనికే వచ్చిన పక్కవాణ్ని నడవమన్నాడు. బాలనర్సయ్య మెట్లు పట్టుకుని నాలుగో అంతస్తుకు ఎక్కాడు. మళ్లు ఆరుతున్నాయి. ఎడమ బూటు విప్పి మెట్ల దగ్గర పెట్టి, నీళ్లలోకి దిగాడు.

జ్వరం ఆ సాయంత్రమే వచ్చింది. చీము పాదం దాటి పిక్క ఎక్కాక దవాఖానకు తీసుకుపోయారు. మోకాలి దాకా తీసేయాలన్నారు. "కాలు లేకుంటే మడిల ఎట్ల దిగుత?" అని కనకలక్ష్మిని అడిగాడు. ఆమె దుప్పటి కప్పుతుండగానే నిద్రలోకి జారాడు. మళ్లీ లేవలేదు.

దినాలయ్యాక కనకలక్ష్మి పెట్టె తెచ్చి సైటు ఆఫీసులో ఇచ్చింది. "ఉంచుకోమ్మా" అన్నాడు లక్ష్మీనారాయణ.

"నేనేం జేస్కుంట సారూ," అని గుమ్మంలో పెట్టి వెళ్లిపోయింది.

ఆయన మూత తీశాడు. ఎడమ బూటు అంచున స్లాబు మట్టి ఎండి ఉంది. కుడి బూటులో, వేళ్లు పట్టే చోట, కొత్తప్పుడు కూరిన కాగితం ఉండ అలాగే ఉంది.