దగ్గు రాని టైలు

మా ఊళ్ళో ఎవరు బాత్రూం కట్టించుకున్నా ఏ టైలు వేయాలో చెప్పేది నేనే. పాలకొల్లు చుట్టుపక్కల విజయ్ పాల్ మేస్త్రి అంటే తెలియనివాళ్ళు తక్కువ. నల్లటి టైలు వద్దండి, మన బోరు నీళ్ళకి ఉప్పు తెల్లగా పేరుకుంటుంది అంటాను. నేలకి నున్నటిది వద్దండి, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, జారిపడతారు అంటాను. రొయ్యల చెరువుల సూర్యరాజుగారంతటి ఆయన కూడా నా మాట కాదనరు. అలాంటివాడిని, మా ఇంటి బాత్రూం దగ్గరకొచ్చేసరికి నా బుర్ర పనిచేయడం మానేసింది.

కారణం దగ్గు.

మా ఆవిడ తబిత స్నానానికి వెళ్తే చాలు, దగ్గు మొదలవుతుంది. పెద్ద దగ్గేం కాదు. పది చెంబులు పోసుకునేలోపు నాలుగైదుసార్లు పొడిగా దగ్గుతుంది. బయటికి రాగానే మాయం. చర్చిలో రెండు గంటలు కూర్చుంటుంది, పాటలు కూడా ఎత్తుకుంటుంది, ఒక్కసారి దగ్గదు. ఇదేం రోగమో నాకు అంతుపట్టలేదు. పైగా మా అమ్మాయి వినీల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి దానికీ అదే దగ్గు పట్టుకుంది. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఇంకా దగ్గుతూనే ఉంది.

మా వీధి డాక్టరు అప్పాజీగారికి ఇద్దరినీ చూపించాను. ఆయన గొట్టం పెట్టి చూసి, "ఇద్దరికీ ఛాతీ శుభ్రంగా ఉంది మేస్త్రీ, నీకే ఏదో అనుమానం" అన్నారు. అయినా ఊరుకోక దగ్గు మందు సీసా కొని తెచ్చాను. తబిత సీసా వైపు చూసి, నా వైపు చూసి, నవ్వి, కిటికీలో పెట్టేసింది. ఎందుకు నవ్విందో అర్థం కాలేదు. ఆడవాళ్ళ నవ్వులకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే గోడలెవరు కడతారు?

ఆ బాత్రూం పెళ్ళయిన కొత్తలో, ఇరవై రెండేళ్ళ కిందట, నా చేత్తో కట్టిందే. నాలుగు గోడలు, సిమెంటు నేల, రేకు తలుపు. నేను లుంగీ కట్టుకుని పెరట్లో చేతిపంపు దగ్గరే స్నానం కానిచ్చేస్తాను కాబట్టి దాని మంచిచెడ్డలు పెద్దగా చూడలేదు. తలుపు సంగతి చూడమని తబిత అప్పుడప్పుడూ అంటుండేది. కోళ్ళు దూరుతున్నాయి కాబోలనుకుని బయటివైపు ఇనపతీగతో కొక్కెం చేసి పెట్టాను. "చూడ్డమంటే ఇదా?" అంది. కోళ్ళు దూరడం మానేశాయి, ఇంకేం చూడాలి?

చివరికి నేనే తేల్చాను. దగ్గుకి కారణం నేల చెమ్మ. సిమెంటు నేల పగలగొట్టి, గోడలకీ నేలకీ మంచి టైలు వేసి, బాత్రూం మొత్తం కొత్తగా చేయాలి. శనివారం పని మానుకుని తబితని పాలకొల్లు షోరూముకి తీసుకెళ్ళాను.

కౌంటరు దగ్గరుండే సందీప్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండి మేస్త్రిగారూ. ఈసారి ఎవరింటికండి?"

"మా ఇంటికే" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఒక్కో పలకా తీసి చూపించాడు. ఒకటి చెక్కలా ఉంది, ఒకటి పాలరాయిలా ఉంది, ఇంకోటి నాపరాయిలా ఉంది. ఎన్ని వందల ఇళ్ళలో పరిచానో, ఎప్పుడూ ఇంత తికమక పడలేదు. నా ఇంటికి అనేసరికి అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

"చెమ్మ పట్టనిది కావాలి బాబూ."

"మంచి టైలు ఏదైనా పట్టదండి, మీకు తెలీందేముంది."

"చల్లగా ఉండకూడదు."

"టైలన్నాక చల్లగానే ఉంటాదండి."

"అది కాదయ్యా. దగ్గు రాకూడదు."

సందీప్ తల గోక్కుని ఇంకో పలక తీశాడు. "యాంటీ స్కిడ్ ఉందండి."

"అది జారకుండా ఉండటానికి. నేనడిగేది దగ్గు గురించి."

"దగ్గుకైతే కంపెనీవాళ్ళని అడగాలండి" అన్నాడు, పాపం, చాలా సీరియస్‌గా.

ఇక లాభం లేదని తబిత వైపు తిరిగాను. "నీకేది నచ్చింది?"

"ఏదైనా పర్లేదండి."

"రంగన్నా చెప్పు."

"మీ ఇష్టం."

"నున్నటిదా, గరుకుదా?"

"నాకేం తెలుసండి, మేస్త్రి మీరు."

నాకు ఒళ్ళు మండింది. తన దగ్గు కోసమే కదా ఇంత హైరానా! నాలుగు పలకలు పక్కపక్కన పేర్చి మళ్ళీ తిరిగి చూసేసరికి ఆవిడ అక్కడ లేదు.

"మేస్త్రిగారూ" అని సందీప్ మెల్లగా పిలిచాడు. షోరూం వెనకవైపు నమూనాకి ఒక బాత్రూం కట్టి పెట్టారు, తలుపుతో సహా. ఆ తలుపు మూసుంది. "మేడంగారు లోపలికెళ్ళారండి. అందులో నీళ్ళు రావండి. సీటు కూడా ఊరికే పెట్టిందేనండి."

పరుగున వెళ్ళి తలుపు కొట్టాను. "తబితా! ఏం చేస్తన్నావ్ లోపల?"

"ఏం లేదండి. నిలబడ్డాను."

"నిలబడ్డమేంటి? బయటికి రా."

"కాసేపుండండి."

గడియ తీసిన చప్పుడైంది. మళ్ళీ వేసిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. టైల్సు కొనడానికి వచ్చినవాళ్ళు తిరిగి చూస్తున్నారు. నేను సిగ్గు విడిచి తలుపుకి చెవి ఆనించాను. దగ్గు లేదు. ఐదు నిమిషాలు గడిచినా లేదు.

తలుపు తెరుచుకుంది. తబిత మొహం ప్రశాంతంగా ఉంది.

"లోపల టైలు నచ్చిందా?" అన్నాను ఆశగా.

"టైలు చూళ్ళేదండి." తలుపు లోపలివైపున్న స్టీలు గడియ మీద వేలు పెట్టింది. "మనింటికి ఇది కావాలండి."

"అది గడియ."

"గడియేనండి."

నాకు పిచ్చెక్కేలా ఉంది. "అది సరే, లోపల అంతసేపున్నావు, నీకు దగ్గు రాలేదేంటి?"

తబిత నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "గడియ పడ్డాక దగ్గెందుకండీ?"

ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. మా బాత్రూం తలుపుకి లోపల గడియ లేదు. మూడో ఏడే తుప్పుపట్టి ఊడిపోయింది. ఉన్నదల్లా బయట నేను కోళ్ళ కోసం పెట్టిన తీగ. పెరట్లోకి పాలవాడు వస్తాడు, సిమెంటు మోసే గమేళా అడగడానికి పక్కింటి అప్పారావు వస్తాడు, నా కింద పనిచేసేవాళ్ళు చేతిపంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటారు. అడుగుల చప్పుడు వినబడ్డప్పుడల్లా లోపల మనిషి ఉందని తెలియడానికి నా భార్య దగ్గింది. నా కూతురు పదమూడో ఏట తల్లి దగ్గర ఆ దగ్గు నేర్చుకుంది. నేనేమో మందు తెచ్చాను.

పరాయి ఇళ్ళలో పని పూర్తయ్యాక నేనే లోపలికెళ్ళి గడియ వేసి, తీసి, సరిగ్గా పడుతోందో లేదో చూసి మరీ తాళం అప్పగిస్తాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ముందే చెప్పొచ్చు కదే" అన్నాను.

"చెప్పానండి. మీరు తీగ కట్టారు."

టైల్సు తర్వాత చూద్దామని సందీప్‌కి చెప్పి, పీవీసీ తలుపూ స్టీలు గడియా ఆటోలో వేయించాను. ఇంటికెళ్ళి పాత రేకు పీకేసి, పొద్దు వాలేలోపు కొత్త తలుపు నిలబెట్టాను. లోపలికెళ్ళి గడియ వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. ఆ సిమెంటు నేల మీద అంతసేపు నిలబడటం నాకదే మొదటిసారి.

వినీల కాలేజీ నుంచి వచ్చి, తలుపు చూసి, తువ్వాలు తీసుకుని లోపలికెళ్ళింది. గడియ పడింది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆ నిశ్శబ్దానికి నాకు కంగారు పుట్టింది.

"అమ్మా వినీలా, లోపలున్నావా?"

"ఉన్నాను నాన్నా. ఏంటి?"

"ఏం లేదమ్మా. నువ్వు కానియ్యి."

మెట్ల మీద బియ్యం ఏరుకుంటున్న తబిత తలెత్తకుండానే అంది. "ఇకనుంచి తలుపు కొట్టి అడగాలండి. మేం దగ్గం."