వెనక బంపరు మీద మాట

బీన్స్ పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని కుంచె పట్టుకున్నాను. లారీల వెనక బంపర్ల మీద మాటలు రాయడం మా నాన్న నేర్పిన పని. హైవే పక్కనున్న ఈ షెడ్డూ, వెనక ఇల్లూ నా పేరనే రాసి పోయాడు. బోర్డు మీద మాత్రం మా ఆయన జెనివాల్దో పేరుంటుంది. ఆడపేరు చూస్తే డ్రైవర్లు బండి ఆపరట.

'బ్రేకుని నమ్ము, భార్యని నమ్మకు' అని ఒకడు రాయించుకుంటాడు. 'పెళ్లి ఒక్కటే, శోభనం ఊరికొకటి' అని ఇంకొకడు. ఇన్నేళ్లుగా నన్ను తిట్టే మాటల్నే గీత వంకర పోకుండా రాస్తున్నాను. "జోకే కదే, నవ్వడం కూడా రాదా నీకు?" అంటుంది మా అత్త జెఫా. నాకు విసుగ్గా ఉంది. ఈ విసుగు నిద్రపోయినా తీరడం లేదు.

ఇవాళ మా ఆయన తన లారీనే షెడ్డులో పెట్టాడు. పెట్రోలినా ఊరి నుంచి సావో పావ్లో నగరానికి మామిడిపళ్లు మోస్తాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర హోటల్లో జురెమా అని ఒకామె ఉంది. ఊరందరికీ తెలుసు. నాకు తెలుసనీ తెలుసు.

"రాయి, నాల్వా," అన్నాడు స్నేహితుల ముందు. "ఇంట్లో ఉన్నది వంటకి, దారిలో ఉన్నది వంటికి!"

అందరూ పడీ పడీ నవ్వారు.

"నా చేత్తోనే రాయమంటావా?"

"మరెవరి చేత్తో? నీ అంత గుండ్రంగా ఇంకెవరు రాస్తారే? పెద్దగా రాయి. అవునూ, బీన్స్ ఉడికాయా?"

పెళ్లయ్యాక నా అక్షరాలను ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి. దానికోసం ఎంత ఎదురుచూశానో! తీరా ఇప్పుడు ఏడుపొచ్చి మొహం బంపరు వైపు తిప్పుకున్నాను.

వాళ్లు లోపల నేను వండింది తింటుంటే ఇక్కడ రాయడం ముగించాను. ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చి నేరుగా క్యాబిన్ ఎక్కాడు.

"రాశావా?"

"రాశాను. బాగా కనపడుతుంది."

దిగి చూడలేదు. తన బండి వెనక ఏముందో చూసుకునే డ్రైవరు నాకింతవరకు తగల్లేదు. రేపు బంకు ముందు బండి ఆగితే మొదట చదివేది జురెమాయే.

'జురెమా, ఇకనుంచి వంట కూడా నీదే. వీణ్ణి వెనక్కి పంపకు.'

కింద నా పేరు రాశాను.