చెరువు గట్టు మీద దగ్గు

సూర్యరాజు గారు పోయి ఏడాది తిరక్కుండానే ఆయన దగ్గు బంధువులందరి ఫోన్లలోకీ చేరింది. ఆయన అన్న కొడుకు శ్రీకాంత్, మొగల్తూరు దగ్గరి రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో ఫోను పెట్టి రికార్డు చేసి, ‘బాబాయి దగ్గు, జాగ్రత్తగా వినండి’ అని రాసి మరీ పంపాడు. విన్నవాళ్ళందరికీ వినబడింది. భార్య సూర్యావతికైతే సందేహమే లేదు. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు ఆయన అలాగే దగ్గేవారు, లోపల ఆడవాళ్ళు సర్దుకోవడానికి.

ఆనాటినుంచి ఆవిడ రొయ్యల పట్టుబడి ఆపేసింది. రొయ్యలు పట్టేస్తే చెరువు ఎండగడతారు, షెడ్డు విప్పేస్తారు. అప్పుడాయన ఎక్కడుంటారు?

పక్క చెరువులకు వైట్‌స్పాట్ తెగులు వచ్చింది. కాపలా చిట్టియ్య రోజూ వచ్చి అరుగు దగ్గర నిలబడుతున్నాడు.

“ఇంకా ఆగితే తొక్కలే మిగుల్తాయండి అమ్మగారూ.”

“అయ్యగారు అక్కడుండగా చెరువెలా ఖాళీ చేస్తాంరా?”

“ఆయ్, ఆయనే ఉంటే ఈపాటికి నన్ను నాలుగు తిట్టి పట్టించేసేవోరండి.”

కూతురు నాగశ్రీ రాజమండ్రిలో చెవి పరీక్షలు చేస్తుంది. సంగతి తెలిసి వచ్చింది. రికార్డు విని నవ్వలేదు.

“మా దగ్గర కూడా అంతేనమ్మా. శబ్దం వస్తుందని చెప్పి కూర్చోబెడితే, ఏమీ వినిపించకపోయినా బటన్ నొక్కేస్తారు. అబద్ధం కాదు, వాళ్ళకి నిజంగానే వినబడుద్ది.”

“అంటే నాకు పిచ్చంటావా?”

“అన్నయ్య ముందే చెప్పి వినిపించాడు. వేరే చెరువువి కూడా కలిపి, ఏది ఎక్కడిదో చెప్పకుండా ఓసారి విందాం.”

“చెరువులో గాలి తిప్పే ఏరేటర్లు ఆపి నిశ్శబ్దంగా రికార్డు చేస్తే సరి” అన్నాడు పక్కనే ఉన్న శ్రీకాంత్.

చిట్టియ్య ఉలిక్కిపడ్డాడు. “గాలందక రొయ్యంతా తేలిపోద్దండి బాబూ! అప్పుడన్నీ దెయ్యాలేనండి.”

అందుకని ఏరేటర్ల హోరుతోనే విందామనుకున్నారు. శ్రీకాంత్ తమ షెడ్డులో రికార్డు చేసిన ముక్కలు కొన్ని, భీమవరం దగ్గర తెలిసినవాళ్ళ చెరువు మీద తీసిన ముక్కలు కొన్ని కలిపి, వాటికి నంబర్లు మాత్రం వేశాడు. ఏది ఎక్కడిదో అతనికొక్కడికే తెలుసు. అతని మొహం చూసి పట్టేస్తామని నాగశ్రీ అతన్ని వీధిలోకి పంపేసింది.

తల్లీకూతుళ్ళు హెడ్‌ఫోన్సు పెట్టుకుని ఒకరి తర్వాత ఒకరు విన్నారు. నాలుగో ముక్క దగ్గర సూర్యావతి కళ్ళు నిండాయి. “ఇదిగో. ఇదే ఆయన.”

శ్రీకాంత్‌ని లోపలికి పిలిచారు.

“నాలుగోది భీమవరం వాళ్ళది పిన్నీ.”

“సరిగ్గా చూడరా.”

“రెండుసార్లు చూశాను.”

ఆవిడ మళ్ళీ పెట్టించుకుని వింది. తెలిసి విన్నా ఆ దగ్గు అలాగే ఉంది. కూతురి వైపు తిరిగింది.

“నీకేం వినబడలేదా?”

“రెండోదాంట్లో వినబడ్డారమ్మా” అంది నాగశ్రీ నెమ్మదిగా.

“అది మన షెడ్డుదే” అన్నాడు శ్రీకాంత్.

“అందులో నాకేం వినబడలేదే!”

“ఆయన కోసం నేనూ చెవులప్పగించే కూర్చున్నానమ్మా.”

“అయితే ఆయన లేరంటావా?”

“ఉన్నారో లేరో ఈ ఫోను చెప్పలేదు. ఆ షెడ్డులోనే ఉన్నారని మాత్రం దీన్నిబట్టి అనలేం.”

సూర్యావతి హెడ్‌ఫోన్సు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. “పరాయివాళ్ళ గట్టెక్కి దగ్గే మనిషి కాదు మీ నాన్నగారు.”

అరుగు మీదికి వచ్చి చిట్టియ్యను కేకేసింది.

“రేపు పట్టుబడికి మనుషుల్ని పిలువు. షెడ్డు మాత్రం నేను వచ్చేదాకా ముట్టుకోకండి. దగ్గరుండి విప్పిస్తాను.”