గిద్దెడు జ్ఞాపకం

పొద్దున్నే పాలు పొంగించి, పూంగొడి వంటింటి గూట్లో ఉన్న ఇత్తడి గిద్దెలోకి తొంగి చూసుకునేది. ఆమె జ్ఞాపకమంతా అందులోనే ఉంది. విరుదునగర్‌లో ఆ వీధి వీధంతా అంతే. కోడలి జ్ఞాపకం ఎంత పాత్రలో పట్టాలో అత్తగారే చెప్పాలి. పుట్టింటి తలపు ఎక్కువైతే కాలు నిలవదంటారు. అత్త గురువమ్మాళ్ అన్నిటికన్నా చిన్న కొలపాత్ర, గిద్దె ఇచ్చింది.

అత్త చెప్పినవన్నీ అందులో పెట్టుకోవాల్సిందేననుకుంది పూంగొడి. పప్పులో ఉప్పు, బీరువా తాళం, మామగారి మందులు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోయే అమ్మ పొన్నుతాయి ముఖం మాత్రం అంచున వేలాడేది. అత్తింట్లో పూంగొడికి ఊపిరాడేది కాదు.

"ఆడి నెల శుక్రవారం పూజకి ఇత్తడి సామానంతా తోమతాను. నీ గిద్దె గూడా," అంది అత్త తేలిగ్గా.

పూంగొడి గూట్లోని గిద్దె వంక చూసింది. తోమితే లోపలున్నదంతా పోతుంది, అంచునున్న అమ్మ కూడా.

ఆ సాయంత్రం మొగుడు సెందిల్‌కుమార్ కొత్త కంప్యూటర్‌లో చదరంగం ఆడుతున్నాడు. మంచివాడే; తల్లి ముందు నోరు పెగలదు, అంతే.

"బావా, ఆ పెట్టెకి ఇంత తెలివి ఎట్లా?"

"తెర మీద బోర్డు చూపించే ప్రోగ్రాం వేరే, లోపల ఎత్తులు ఆలోచించేది వేరే. ఆ లోపలిదానికి ఎంత మెమొరీ, అంటే జ్ఞాపకం, ఇయ్యాలనేది బోర్డే చెప్పతాది. పెంచినా, తగ్గించినా, మొత్తం తుడిచినా బోర్డు చేతిలోనే ఉండాది."

"లోపల ఏం దాచుకోవాలనేది?"

"అది దాని ఇష్టం. నిండితే పాతది తోసేసి కావలసింది పెట్టుకుంటాది. అందులో బోర్డు వేలు పెట్టలేదు."

పూంగొడి వంటింట్లోకి పోయి, ఏది ఉంచాలో ఏది తోసెయ్యాలో గిద్దెలో చూసుకుంది.

మర్నాటి నుంచి ఒక్కొక్కటే తోసేసింది. ఉప్పు పోయింది, పప్పు చప్పగా దిగింది. తాళం పోయింది. అత్త తిట్టింది, ఆ తిట్టూ నిలవలేదు. ఖాళీ అయిన చోటల్లా అమ్మను తలచి తలచి నింపుకుంది. గంధకం వాసన చేతులు, ఊరికి పోయే బస్సు, దిగాక ఏ సందు. చివరికి ఒక్క మనిషి ముఖం అడ్డంగా మిగిలింది. దాన్ని తోసేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకేడ్చిందో మరుక్షణం తెలియలేదు.

శుక్రవారం అత్త చింతపండు నానబెడుతుంటే, గిద్దెను కొంగున ముడేసుకుని వీధి దాటేసింది. సెందిల్‌కుమార్ చూసి, వెనకాలే బస్టాండు దాకా పరుగెత్తాడు.

"పూంగొడీ!"

ఆమె తిరిగి చూసింది. "ఎవురండీ మీరు? కోవిల్‌పట్టి బస్సు ఇదేనా?"

గిద్దెలో తన ముఖం లేదని అతనికి అర్థమైంది. పేరు చెప్పబోయి, ఆమె కొంగు ముడి చూసి ఆగాడు. పక్కకి జరిగి దారిచ్చాడు.

"ఇదే," అన్నాడు. "ఎక్కమ్మా. కిటికీ పక్కన చోటుండాది."