సితారా దూప

భుజం దాకా చెయ్యి తొట్టిలో ముంచి, సీమోను అద్దానికి పట్టిన పాచిని గీకుతున్నాడు. ఈ రోజుకిది మూడో తొట్టి. సంతోష్‌నగర్‌లో రెండు కడిగి, జహనుమాలోని ఈ షాదీఖానాకు వచ్చేసరికే ఒళ్ళు పులిసిపోయింది. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ ఉప్పునీళ్ళ చేపల తొట్లు కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలిపోయాయి. అతను కలిపిన అన్నం ఉప్పేయకపోయినా ఉప్పగానే ఉంటుందని భార్య బేబీ ఎగతాళి చేస్తుంది.

మూలన నక్షత్రచేప వెల్లకిలా పడి ఉంది. ఎప్పుడూ రాయిని కరచుకుని ఉండే ఐదు చేతులూ నానిన రొట్టెలా మెత్తబడ్డాయి. కిందుండాల్సిన వందలాది సన్నని పాదాలు పైకి కనబడుతున్నాయి. ఒక్కటీ కదలడం లేదు. సీమోను తడివేలు నాలుకకు రాసుకున్నాడు. నీళ్ళు చప్పగా ఉన్నాయి. దీనికేమన్నా అయితే షాదీఖానా యజమాని తాహిర్ పనిలోంచి తీసేస్తాడు.

"సితారా సుస్తుగున్నది, ఏంది బేటా?" తాహిర్ తల్లి ఇక్బాలున్నీసా కుర్చీలోంచి అడిగింది. సితారా అని తానే పేరు పెట్టుకున్న ఆ నక్షత్రచేపే పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఆమెకు తోడు. రొయ్యముక్క వేస్తే అది కడుపునే నోట్లోంచి బయటికి తీసి, ముక్క మీద కప్పి తినడం చూసి, మొదట్లో తోబా తోబా అని లెంపలేసుకుంది. తర్వాత తన చేత్తోనే వేయడం మొదలుపెట్టింది.

"నీళ్ళు ఎవరన్న మార్చిండ్రా అమ్మీ?"

"నేనే. డాక్టరు నాకు ఉప్పు బంద్ చేసిండు గదా, బీపీ అని. ఇది దినమంతా ఉప్పులనే ఉండె పాపం. గర్మీల గొంతెండి దూప గాదా? జగ్గుతోని ఆ నీళ్ళు తోడి, మంచినీళ్ళు పోసిన."

దానికి నెత్తురు లేదని, సముద్రపు నీరే ఒంట్లోని సన్నని గొట్టాల్లో పారి పాదాలను నడిపిస్తుందని, మంచినీళ్ళు తగిలితే లోపలంతా చెడిపోతుందని ఆమెకెలా చెప్పాలి? కోప్పడే ఓపిక కూడా లేదు సీమోనుకు. బకెట్లో ఉప్పునీళ్ళు కలిపి, దాన్ని మెల్లగా అందులోకి దించి, పక్కనే కూలబడ్డాడు. ఒక చేతి చివర కాసేపు వణికింది. సాయంత్రపు అసర్ అజాన్ వినిపించేసరికి అదీ ఆగిపోయింది.

"పోయిందా?"

"పోయింది అమ్మీ. ముసల్దైంది, ఉమర్ అయిపోయింది."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆఖరుకు నీళ్ళన్న తాగిందా?"

సీమోను తల వంచుకున్నాడు. "తాగింది. కడుపు నిండ తాగింది."

"అల్‌హమ్దులిల్లా," అని నిట్టూర్చి ఆమె లేచింది. చెమటలు కారుతున్న అతనికి గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తప్పు తనదేనని తాహిర్‌కు చెప్పుకోవాలి, ఈ పని ఇక పోయినట్టే అనుకుంటూ సీమోను బకెట్ ఎత్తుకుని బయటికి నడిచాడు.

తొట్టి మూత మీద ఆ గ్లాసు, నిండుగా, అలాగే ఉంది.