దొరగారి భోజన యంత్రం

పిల్లికి బిచ్చం పెట్టని మనుషులుంటారు. మా మామగారు పిల్లికి తప్ప ఇంకెవరికీ పెట్టరు. అల్మరాలో దాచుకున్న బిస్కెట్లలో ఒక్కటి కోడలికి ఇవ్వడానికి ప్రాణం ఒప్పదు గాని, దొరగారు మ్యావ్ అన్నాడంటే చాలు, నొప్పి తుంటిని ఈడ్చుకుంటూ వంటింట్లోకి పరుగు. దొరగారంటే మా పిల్లి. బూడిద రంగు, బాన పొట్ట, ఇల్లంతా తన పేరనే ఉన్నట్టు నడక.

ఆ తుంటి ఎముక అరిగిపోయింది, మార్చక తప్పదని డాక్టర్ చెప్పి నెలలు గడిచాయి. ఆపరేషనూ, తర్వాత నడక నేర్పడమూ కలిపి ఒక వారం ఆసుపత్రిలో ఉండాలి. మామగారు ససేమిరా అన్నారు.

"నేను పోయి అక్కడ పడుకుంటే వీడికి తిండెవరు పెడతారు? నువ్వూ అబ్బాయీ పొద్దున పోతే చీకటి పడ్డాక గాని రారు."

అందులో నిజం లేకపోలేదు. దొరగారిది సుకుమారమైన కడుపు. ఒక్కసారే గిన్నె నింపితే ఆత్రంగా మింగి, తీరిగ్గా సోఫా మీద కక్కుతాడు. రోజంతా కొంచెం కొంచెంగా పెడుతూ ఉండాలి. నీళ్ళు కూడా అప్పటికప్పుడు పట్టినవైతేనే ముట్టుకుంటాడు. పక్కింట్లో అప్పగిద్దామంటే వాళ్ళకి కుక్క ఉంది.

"అంతేగా మీ బాధ? నేను మెషిన్ చేసి పెడతాను," అన్నాను. ఆఫీసుల్లో పెట్టే కాఫీ మెషిన్లు డిజైన్ చెయ్యడమే నా ఉద్యోగం. అంతమందికి కాఫీ పోయించేదాన్ని, ఒక పిల్లికి నాలుగు గింజలు రాల్చలేనా!

"చెయ్యి, చూద్దాం. ఒక వారం పాటు ఒక్క పూట కూడా తప్పకుండా పెట్టిందంటే నోరు మూసుకుని ఆసుపత్రికొస్తా," అన్నారు మామగారు.

మా ఆయన సాక్షి. ఆయనకి అంతకంటే పెద్ద పని ఎప్పుడూ ఇవ్వం.

వంటింటి మూలన మెషిన్ లేచింది. పైన పిల్లి తిండి గింజలు పోసే ట్యాంకు, నెలకి సరిపోయేంత పెద్దది. దాని అడుగున చిన్న చిన్న గదులున్న చక్రం. లోపలి గడియారంలో వేళ కాగానే మోటారు ఒక్క గది మేరకే తిప్పుతుంది, అందులోని గింజలు జారుడుబల్ల మీంచి గిన్నెలో పడతాయి. పక్కన నీళ్ళ పళ్ళెం. నీళ్ళు తగ్గితే తేలే బంతి కిందికి దిగి కుళాయి తెరుచుకుంటుంది. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ. అంతా అయ్యాక నా భుజం నేనే తట్టుకున్నాను.

వెంటనే ముసురు పట్టింది. గింజలు చెమ్మకి ముద్దకట్టి చక్రంలో ఇరుక్కున్నాయి.

"చూశావా!" అన్నారు మామగారు. ఆ గొంతులో సంతోషం అంతుండాల్సిన అవసరం లేదనిపించింది. మూతకి రబ్బరు బిగించి, గాలి చొరకుండా చేశాను. తర్వాత దొరగారి బొచ్చు చేరి తేలే బంతి పట్టేసింది. నీళ్ళు పొంగి వంటిల్లు చెరువైంది. ఆ చెరువు తుడుస్తూ నేనన్న మాటలు ఇక్కడ రాయను. బంతి చుట్టూ జల్లెడ పెట్టాక ఆ గొడవా తీరింది. ఇక తిరుగు లేదనుకున్నాను.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. ఒకరోజు ప్లగ్గు ఊడిపోయి, బ్యాటరీ తీగ కూడా వదులై ఉంది. ఇంకోరోజు మెషిన్ గడియారం వెనక్కి తిరిగింది. మరోరోజు కుళాయి కట్టేసి ఉంది. తప్పిన ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదటికి, ఆసుపత్రి ఇంకాస్త దూరం. మామగారేమో గోడ పట్టుకోకుండా బాత్రూంకి కూడా వెళ్ళలేకపోతున్నారు. నాకు దిగులూ, ఒళ్ళుమంటా కలిసి వచ్చాయి.

"పిల్లి పనే ఇదంతా," అని తేల్చేశాడు మా ఆయన.

"గడియారం తిప్పే పిల్లిని ఎక్కడైనా చూశావా? నీకు మీ నాన్న పోలికలు ఊరికే రాలేదు!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే ఎక్కడో తట్టింది. నిజమైన లోపం మొండిది. ఒకసారి వచ్చిన చోటే మళ్ళీ వస్తుంది, సరిచేసేదాకా వదలదు. ఇవేమో రోజుకో వేషం వేస్తున్నాయి. పైగా మెషిన్ ఎన్నిసార్లు తప్పినా దొరగారి పొట్ట వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

మర్నాడు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చాను. వంటింట్లో మామగారు నేల మీద కూలబడి, నొప్పి కాలు బారచాపి, మడిచిన కాగితాన్ని జారుడుబల్లలో కుక్కుతున్నారు. పక్కన దొరగారు పెళ్ళిపెద్దలా కూర్చుని చూస్తున్నాడు.

"కాస్త ఓర్చుకోరా నాయనా, ఆ తర్వాత నేనే పెడతాగా," అంటున్నారు వాడితో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మామయ్యా!"

తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారు. లేద్దామని ఒకసారి ప్రయత్నించారు, లేవలేకపోయారు. అది చూసి నా కోపం సగం దిగిపోయింది. వెళ్ళి పక్కనే నేల మీద కూర్చున్నాను.

"కోస్తారని భయమా?"

"భయమే. ఎవడికుండదు? కాని అదొక్కటే కాదమ్మాయ్." మెషిన్ వైపు చెయ్యి చూపించారు. "దీన్ని నువ్వు మరీ బాగా చేశావు. నెల రోజులకి గింజలు పోశావు. నీళ్ళు అదే పట్టుకుంటుంది. కరెంటు పోయినా ఆగదు. మొన్న పొద్దున అది గలగలమనగానే వీడు నావైపు చూడను కూడా చూడకుండా పోయి తిన్నాడు. నేను అక్కణ్ణుంచి తిరిగి రాకపోయినా ఇక్కడ ఏ లోటూ ఉండదనిపించింది. అన్నీ సర్దిపెట్టి నన్ను సాగనంపుతున్నట్టుంది."

మనిషి చెయ్యి పడకుండా ఎంతకాలం నడిస్తే అంత మంచి మెషిన్ అని మా ఆఫీసులో లెక్క. నెలకి సరిపోయే ట్యాంకు అని నేను ఇంటిల్లిపాదికీ గొప్పలు పోయినప్పుడల్లా ఈయన గుండె జారిపోతోందన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. లేచి, ట్యాంకు ఖాళీ చేసి, ఊడదీసి, రంపం పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మిమ్మల్ని కోసేముందు దీన్ని కోస్తున్నా!"

ప్లాస్టిక్ ట్యాంకు కాబట్టి తొందరగానే తెగింది. కింది ముక్కని మళ్ళీ బిగించి, మూత పెట్టి, చేతులు దులుపుకున్నాను.

"ఇది ఇప్పుడు వారానికే వస్తుంది. ఎనిమిదో రోజు ఖాళీ. నేను నింపను, మీ అబ్బాయి నింపడు. ఎవరొచ్చి నింపుతారో మీరే చూసుకోండి."

"వీడు పస్తుంటాడు కదే!"

"ఉండనివ్వండి!"

ఉండనిస్తానా? కాని మొహంలో కనపడనివ్వలేదు. మామగారు నన్నూ, ట్యాంకునూ, దొరగారినీ మార్చి మార్చి చూశారు. తర్వాత వంగి, జారుడుబల్లలో కుక్కిన కాగితాన్ని తనే బయటికి లాగారు.

ఆ వారం మెషిన్ ఒక్క పూట తప్పలేదు. ఆ పై వారం మామగారు తన చేత్తోనే ట్యాంకు నింపి ఆసుపత్రికి వచ్చారు, ఆపరేషనైంది.

ఆసుపత్రిలో నడవమంటే మిగతావాళ్ళంతా మూలుగుతుంటే, మా ముసలాయన ఎవరూ చెప్పకముందే వాకర్ కోసం చెయ్యి చాపేవారట. నడక నేర్పే అమ్మాయి ఆశ్చర్యపోయింది. నేను వెళ్ళగానే బాగున్నావా అన్న మాట లేదు.

"ఎంతుంది ట్యాంకులో?"

"సగం."

"సగమేనా?" అని మళ్ళీ వాకర్ అందుకునేవారు.

ఇంటికొచ్చిన రోజున కుర్చీ లాగినా కూర్చోలేదు. వాకర్ టకటకలాడించుకుంటూ నేరుగా వంటింట్లోకి వెళ్ళి మూత తీశారు. అడుగున పిడికెడు గింజలున్నాయి. దొరగారు వచ్చి కొత్త తుంటి ఉన్న కాలికి ఒళ్ళు రాసుకుని, అక్కడే పొర్లాడాడు. మామగారు డబ్బా తీసి ట్యాంకు నిండా గింజలు పోశారు. కొన్ని కింద ఒలికాయి. మేమెవ్వరం సాయానికి వెళ్ళలేదు.

"ఒక్క పూట కూడా తప్పలేదుగా?"

"లేదు మామయ్యా."

"గట్టి పిండానివే," అని మూత బిగించారు. "ఇదిగో అమ్మాయ్, ఇది ఇంకా పెద్దదే. ఇంకాస్త కోసి ఒక్కరోజుకి సరిపడేలా చెయ్యి."

"ఒక్కరోజుకైతే మెషినెందుకండీ!"

"మెషిన్ సంగతి నాకు తెలీదు. రేప్పొద్దున లేచేసరికి నాకు పనుండాలి, అంతే."